నాలుగో మనిషి

బండల వెనక నుంచి మూడు గొంతుల నవ్వు వినిపిస్తోంది. నేనొక గుండు మీద కూర్చుని సీతాఫలం తింటున్నాను. గింజల్ని గౌను జేబులో దాస్తూ, ఒకదాన్ని మాత్రం నోట్లోంచి ఊశాను. అది రాతి మీద పడి టక్కుమని ఎగిరి కిందికి దొర్లింది. ఆ చిన్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అంత స్పష్టంగా ఎందుకు వినిపించిందా అనుకునేలోపే అర్థమైంది, నవ్వు ఆగిపోయింది. చెవులు రిక్కించాను. రెండు గొంతులు ఏదో అరుస్తున్నాయి. మూడోది లేదు. ప్రమాదమంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది ఆ క్షణంలోనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

ఇన్నేళ్ళకు అది గుర్తు రావడానికి కారణం ఈ సాయంత్రం నా నోరు జారడమే. మా పాప, బాబు, పక్క ఫ్లాటు అమ్మాయి కలిసి రేపు గేటు బయటున్న లైబ్రరీకి తామే నడిచి వెళ్తామన్నారు. దాటాల్సింది ఒక్క రోడ్డు. మా ఆయన వెంటనే సరేనన్నారు. నేను మాత్రం ఆలోచించకుండా "ముగ్గురు కలిసి వెళ్ళకూడదు" అనేశాను.

"మూడైతే ఏమవుతుంది మమ్మీ?" అంది పాప.

"పొద్దున చెప్తాను, ముందు పడుకోండి" అన్నాను. వాళ్ళు పడుకున్నారు. నేను బాబు రఫ్ నోట్సు ముందేసుకుని ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆ మాట నాది కాదు, మా నాయనమ్మది. నాన్నకు ప్రభుత్వాఫీసులో బదిలీ అయి మేం కోస్తా నుంచి వచ్చి కూకట్‌పల్లి కాలనీలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. పైన రేకుల గదిలో ముగ్గురు పెళ్ళికాని కుర్రాళ్ళుండేవారు. ఒకడు నాన్న ఆఖరి తమ్ముడు, మా బాబాయి. మిగతా ఇద్దరూ అతని స్నేహితులు. వాళ్ళను నేను కళ్ళజోడు బాబాయి, పొడుగు బాబాయి అనేదాన్ని. ముగ్గురూ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చదువుతూ ఉద్యోగాలు వెతుక్కునేవారు. ఆ గదిలోకి వెళ్తే కిరసనాయిలు స్టవ్వు వాసన, కొత్తగా జిరాక్సు తీయించిన కాగితాల వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా జిరాక్సు మిషన్ దగ్గర నిలబడితే నాకు ఆకలేస్తుంది. ఎందుకంటే వాళ్ళు కాగితాలు సర్దుకుని కిందికి దిగారంటే, నాయనమ్మ వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలిపి ముద్దలు పెట్టే వేళ అయిందన్నమాట.

అయితే ముగ్గురికే ముద్దలు పెట్టేది కాదు. "నువ్వూ కూర్చోవే" అని నన్ను నాలుగో పీట మీద కూర్చోబెట్టేది. నాకు అప్పటికే కడుపు నిండి ఉన్నా సరే.

నాయనమ్మకు మూడంటే అంత భయం. ఎవరికైనా మూడు నిమ్మకాయలివ్వాల్సి వస్తే పక్కన పచ్చిమిరపకాయ చేర్చేది. ముగ్గురు కలిసి గడప దాటుతున్నారంటే వెనక్కి పిలిచేది. బాబాయి విసుక్కునేవాడు.

"అసలు ఎందుకమ్మా ఇది? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలిరా? త్రిమూర్తులంతటి వాళ్ళు ముగ్గురూ కలిసి ఓ ముని భార్యను పరీక్షించడానికి బయల్దేరితే ఏమైంది? పసిపిల్లలైపోయి ఆవిడింట్లో పాకుతూ తిరిగారు. దేవుళ్ళకే దిక్కు లేదు, నువ్వెంత?"

పక్క పోర్షన్లో ఉండే ఇంటి ఓనరమ్మది దగ్గర్లోని ఊరే. ఆమె జొన్నరొట్టెలు చేస్తే ఆ కమ్మటి మాడు వాసనకు నేను ప్రహరీ గోడెక్కి కూర్చునేదాన్ని. ఆమె కూడా కంచంలో మూడు రొట్టెలు పెట్టేది కాదు. మూడే ఉంటే ఒకదాన్ని చించి నాలుగు చేసేది.

"మూడు రొట్టెలు పగోనికి పెడ్తరు బిడ్డా. మనోళ్లకు పెట్టద్దు."

"పగోడికి రొట్టెలెందుకు పెడతారత్తమ్మా?" అని అడిగాను ఒకసారి.

"గిదేం పోరి! దీని ప్రశ్నలు పాడుగాను. తినరాదు సక్కగ!"

మా నాన్నది ఇంకో సిద్ధాంతం. "స్కూటర్ మీద ముగ్గురెక్కితే పోలీసు ఆపుతాడు. దీని మూలం అదే. మిగతాదంతా మీరు తర్వాత కల్పించుకున్నారు" అని పేపరు అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర బాబాయి గొప్ప కబురు తెచ్చాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు చివరి రెండు సున్నాలు చూసి తికమక పడతాయట. బ్యాంకులు, విమానాలు అన్నీ ఆగిపోతాయని దేశదేశాల వాళ్ళు హడలిపోతున్నారట. ఆ సున్నాల సంగతి చూడటానికి మనుషులు కావాలట. "అందుకేనమ్మా ఇన్ని ఉద్యోగాలు!" అన్నాడు.

నాయనమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "ఏమిట్రా, లోకమంతా రెండు సున్నాలకు భయపడుతోందా?"

"అవును."

"ఆ భయంతో మీకు జీతాలొస్తాయి?"

"వస్తే బాగుణ్ణు."

"మరి నేను మూడుకి భయపడితే ఇకిలిస్తావేంరా?"

కళ్ళజోడు బాబాయికి పొలమారింది. ఆ పూట నుంచి బాబాయి వాదించడం మానేశాడు.

ముగ్గురు బయల్దేరక తప్పనప్పుడు ఒకరి జేబులో గులకరాయి వేసుకుని దాన్ని నాలుగో మనిషిగా లెక్కపెట్టుకోవచ్చని ఒక వెసులుబాటు ఉంది. కానీ నాయనమ్మకు అది నచ్చేది కాదు. "రాయికి నోరుందా, కాళ్ళున్నాయా? ఇంట్లో మనిషిని పెట్టుకుని రాయెందుకు?" అనేది. ఆ మనిషిని నేను. అలా వాళ్ళు పాత మానిటర్ కొనడానికి వెళ్తే నేను, ఫారాలివ్వడానికి వెళ్తే నేను, మ్యాట్నీకి వెళ్తే నేను. ఊరికే వెళ్ళేదాన్నా! బస్‌స్టాపు దగ్గర మిరపకాయ బజ్జీలు ముట్టకుండా ఎప్పుడూ బస్సెక్కలేదు. ఏదైనా కాదంటే "అయితే నేను రాను, మీరు ముగ్గురే" అనేదాన్ని. ఆ మాటకున్న శక్తి నాకు బాగా తెలుసు.

అమ్మకు మాత్రం ఇది ఇష్టం లేదు. "పిల్లేమన్నా తాయెత్తా అత్తయ్యా, కట్టుకుని తిరగడానికి?" అనేది గిన్నెలు గట్టిగా పెడుతూ. నాయనమ్మ వినపడనట్టు ఒత్తులు చేసుకునేది.

ఆ ఏడు సీతాఫలాల కాలంలో పొడుగు బాబాయికి వాళ్ళ నాన్న నుంచి ఉత్తరం వచ్చింది. దీపావళి లోపు ఉద్యోగం రాకపోతే ఊరొచ్చి ఎరువుల కొట్లో కూర్చోమని. నెమ్మదైన మనిషి. ఉత్తరం మాకు చదివి వినిపించి, మడతపెట్టి, "ఎరువుల వాసన నాకు పడదు" అన్నాడు, అంతే. ఆ ఆదివారమే రాయదుర్గం వైపు కొత్తగా లేచిన ఒక అద్దాల మేడలో రాతపరీక్ష ఉందని తెలిసింది. ముగ్గురూ ఒకరి చొక్కాలొకరు ఇస్త్రీ చేసుకున్నారు. అమ్మ అడ్డుపడింది. "ఉద్యోగ పరీక్షకు పిల్లేంటండీ, నవ్వుతారు!" నాయనమ్మ నా తలకు నూనె రాసి, ఎర్ర రిబ్బన్లు కట్టి, గుమ్మంలో నిలబెట్టేసింది.

బస్సు దిగాక చాలా దూరం నడిచాం. అటూ ఇటూ అన్నీ గుట్టలు. ఏనుగులంత గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎవరో సరదాకి పేర్చినట్టుండేవి. మధ్యలో ఎర్రమట్టి, కంకర కుప్పలు, వాటి వెనక మెరిసే అద్దాల మేడ. గేటు దగ్గర పెద్దాయన వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు గూడ పరీక్ష రాస్తవా బిడ్డా?"

"కాదు. నేను నాలుగో మనిషిని."

ఆయనేం నవ్వలేదు. "అట్లనా. అయితె కూసో" అని తన స్టూలు ఇచ్చాడు. మధ్యాహ్నం తన టిఫిన్‌లోంచి పులుసన్నం కూడా పెట్టాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "గుట్టల దిక్కు పోకు. ఆడ బండలు పేలుస్తరు. ఈల ఊదిన్రంటే ఇగ ఎవ్వలూ ఉండద్దు."

పరీక్ష అయి వాళ్ళు బయటికొచ్చేసరికి ఎండ వాలింది. ముగ్గురి ముఖాలూ వెలిగిపోతున్నాయి, పొడుగు బాబాయిది మరీను. నాకేమో పొద్దుట్నుంచీ స్టూలు మీద కూర్చుని విసుగు. అప్పుడే కనిపించాయి, గుట్ట మీద బండల సందుల్లో సీతాఫలం చెట్లు. కళ్ళు విచ్చిన కాయలు.

"నాకవి కావాలి."

"చీకటి పడకముందే ఇంటికి చేరాలే. బజార్లో కొనిస్తాలే" అన్నాడు బాబాయి.

"అయితే నేను ఇక్కడే ఉంటా. మీరు ముగ్గురే వెళ్ళండి."

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నవ్వారు. గుట్టెక్కారు. వాచ్‌మన్ మాట నాకు గుర్తుంది. చెప్పలేదు. చెబితే కాయలు రావు.

నాకో కాయ కోసిచ్చి గుండు మీద కూర్చోబెట్టి, ఇంకొన్నిటి కోసం బండల వెనక్కి వెళ్ళారు. అందుకే ఆ నవ్వు ఆగగానే కాయ పక్కన పడేసి లేచాను. బండ చుట్టూ తిరిగి వెళ్ళాను. పొడుగు బాబాయి రెండు గుండ్ల మధ్య నడుము దాకా దిగిపోయి ఉన్నాడు. అడుగు వేసిన రాయి కదిలి, పక్క రాయి అతని కాలి మీదికి వాలింది. బాబాయి ఆ రాయికి భుజం ఆనించి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. కళ్ళజోడు బాబాయి వెనక నుంచి పొడుగు బాబాయిని చంకల కింద పట్టుకుని ఉన్నాడు. వదిలితే కిందికి జారిపోతాడు. పొడుగు బాబాయి ముఖం సున్నం కొట్టినట్టుంది. నన్ను చూసి, "కాయ తియ్యగా ఉందా?" అన్నాడు.

అప్పుడు ఈల వినిపించింది. ముందు ఒకటి. తర్వాత పొడవుగా ఇంకొకటి.

"ఎటునుంచే?" అన్నాడు బాబాయి, తల తిప్పలేక.

"ఆ పక్క. బండలు పేలుస్తారట. వాచ్‌మన్ చెప్పాడు."

బాబాయి నన్ను తిట్టలేదు. "పరిగెత్తు. ఇక్కడ మనుషులున్నారని చెప్పు. మావైపు చూడకు, పరిగెత్తు" అన్నాడు.

పరిగెత్తాను. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. ముళ్ళకంపలు కాళ్ళు గీరాయి. గుట్ట దిగేసరికి కర్రకు కట్టిన ఎర్రగుడ్డ, దూరంగా రేకు కింద తలమీద చేతులు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు కనిపించారు. ఈల మెళ్ళో వేసుకున్న ఒకాయన ఎదురుగా దూకి నా రెక్క పట్టుకున్నాడు.

"ఏయ్ పోరీ! ఎటొస్తున్నవ్? మందు పెట్టినం, ఎన్కకు పో!"

నాలుగు వేళ్ళు చూపించాను. "నలుగురం" అన్నాను. "నలుగురం ఉన్నాం. ఒకరి కాలు ఇరుక్కుంది."

ఆయన వెనక్కి తిరిగి పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ముట్టియ్యకుండ్రీ! వత్తి ముట్టియ్యకుండ్రి! మనుషులున్నరు!"

తర్వాత అంతా వాళ్ళే చూసుకున్నారు. ఆరుగురు గడ్డపారలు తీసుకుని వచ్చి, ఒక్కసారి ఊపిరి బిగబట్టి రాయిని పక్కకు ఒరిగించారు. కాలు బయటికి వచ్చింది. చీలమండ వంకాయలా వాచింది. రేకు కిందున్న ఒక ముసలమ్మ కుండలో నీళ్ళు తాగించి, తన పాత చీర చించి కట్టు కట్టింది. నా ఒంటికాలి చెప్పు చూసి, "పరేషాన్ గాకు బిడ్డా, కాలుంటె చెప్పులు దొర్కుతయి" అంది. ఆ చోటంతా రాతిపొడి వాసన, మందు వాసన.

ఈలాయన అక్కడి మేస్త్రీ. బాబాయి దండం పెట్టబోతే ఆపి, "మీరెంతమందొచ్చిన్రు?" అని అడిగాడు.

"నలుగురం."

"బతికిపోయిన్రు. మేం రాయి పనికి ముగ్గురం ఎన్నడూ పోం. మా తాత చెప్పేటోడు. ఒకడు ఇర్కుతడు, ఒకడు రాయిని పట్టుకుంటడు, ఒకడు మనిషిని పట్టుకుంటడు. ఉరికేదెవ్వలు?"

త్రిమూర్తుల కథ కన్నా, పగవాడి రొట్టెల కన్నా ఈ మాట నాకు బాగా అర్థమైంది. నమ్మకం పుట్టింది అక్కడేనో కాదో నాకు తెలియదు. కానీ ఆ రాళ్ళ మధ్య అది భయంలా అనిపించలేదు, పనివాళ్ళ జాగ్రత్తలా అనిపించింది.

కంకర ట్రాక్టరులో రోడ్డు దాకా, ఆటోలో దవాఖానా దాకా వెళ్ళి, పిండికట్టు వేయించుకుని ఇల్లు చేరాం. నాయనమ్మ మా నలుగురికీ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఇల్లంతా ఘాటు. దగ్గుతూనే కాలనీ వాళ్ళందరికీ చెప్పింది. "చూశారా? ఇది లేకపోతే ఏమయ్యేది! ముగ్గురే వెళ్ళి ఉంటే!" ఓనరమ్మ నా బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. "నేన్జెప్పలె? మూడు మంచిది గాదని నేన్జెప్పలె?"

ముగ్గురే వెళ్ళి ఉంటే ఆ గుట్టెక్కేవాళ్ళే కాదు. అది చెప్పాలని నేను నోరు తెరిచాను. బాబాయి నా చెయ్యి నొక్కాడు. "బస్సు తప్పిపోతుందని అడ్డదారి పట్టామమ్మా" అన్నాడు. కళ్ళజోడు బాబాయి తలూపాడు. పొడుగు బాబాయి మంచం మీద నుంచి నన్ను చూసి కన్ను గీటాడు. ముగ్గురూ నా కోసం ఒకే అబద్ధం ఆడారు.

మర్నాడు అమ్మ నా గౌను ఉతకబోతూ జేబులో చెయ్యి పెట్టింది. నల్లటి సీతాఫలం గింజలు గుప్పెడు బయటికొచ్చాయి. నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఆవిడ వాటిని తూములో పారబోసి, నీళ్ళు కొట్టి, "ఇంకెప్పుడూ నిన్ను లెక్క కోసం ఎక్కడికీ పంపను" అంది, నెమ్మదిగా. నాయనమ్మకు చెప్పలేదు. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. పొడుగు బాబాయి కట్టు విప్పించడానికి ముగ్గురూ జేబులో గులకరాయితోనే వెళ్ళారు.

నెల తిరిగేసరికి పొడుగు బాబాయికి ఆ అద్దాల మేడలోనే ఉద్యోగం వచ్చింది. మా బాబాయికి రాలేదు. ఇంకో ఆరు నెలలు నాయనమ్మ ముద్దలు తిన్నాక అతనికీ ఎక్కడో దొరికింది. లోకం భయపడ్డ ఆ రెండు సున్నాలు వచ్చిన రోజు పొద్దున ఏమీ ఆగలేదు, పాలవాడు కూడా మామూలు వేళకే వచ్చాడు. అయినా మా కాలనీలో మాత్రం మూడు మీద నమ్మకం స్థిరపడిపోయింది. ఎవరు సందేహించినా నన్ను చూపించేవారు. పెళ్ళి చూపులకు ముగ్గురు వెళ్ళాలన్నా, ఇల్లు చూడటానికి ముగ్గురు వెళ్ళాలన్నా నా కథ చెప్పుకునేవారు. ఒక నమ్మకం ఎలా బలపడుతుందో నేను దగ్గరుండి చూశాను. దాని వేళ్ళ దగ్గర ఒక పిల్ల మొండితనం, ముగ్గురు మంచివాళ్ళ అబద్ధం, ఒక తల్లి మౌనం ఉన్నాయి.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడకు నిజం చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే ఏమనేదో ఊహించుకుంటే నవ్వొస్తుంది. "అయితే మాత్రం? ఉరికింది నువ్వేగా!" అనేది. ఆ గుట్ట ఇప్పుడు లేదు. ఆ రాళ్ళు పోయిన చోట ఆఫీసులు, వాటి కింద మూడంతస్తుల పార్కింగు. ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ అక్కడెక్కడో కారు పెట్టే ఉంటాను. ఇవన్నీ తలుచుకుంటే బాధేం లేదు. కడుపు నిండిన పిల్లని పీట మీద కూర్చోబెట్టి మరీ ముద్ద పెట్టిన ఇల్లు నాది. అలాంటి చోట పెరిగినందుకు సంతోషంగానే ఉంది.

ఒక్కటి మాత్రం రాస్తుంటే తెలిసింది. సాయంత్రం నేను మూడుకి భయపడలేదు. రోడ్డుకి భయపడ్డాను. నా కళ్ళ ముందు లేకుండా నా పిల్లలు నడుస్తారన్నదానికి భయపడ్డాను. ఆ భయం నాదని చెప్పుకోలేక నాయనమ్మ అంకెను అడ్డం పెట్టుకున్నాను. అమ్మ ఆ గింజలు చూసిన రోజు ఎంత భయపడి ఉంటుందో! అయినా మర్నాడు నన్ను బడికి పంపింది.

ఈ నాలుగు ముక్కలు తెల్లారాక రాస్తున్నాను. ఇడ్లీలు తింటుండగా పిల్లలకు గుట్ట కథంతా చెప్పాను. కాయలు అడిగింది నేనేనని, వాచ్‌మన్ మాట దాచింది నేనేనని కూడా చెప్పాను. బాబు నోరు తెరుచుకుని విన్నాడు. పాప మాత్రం "అంటే మేం వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా?" అని అడిగింది. అప్పటికే పక్క ఫ్లాటు అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"వెళ్ళండి" అన్నాను. "మీరు రాళ్ళెత్తడానికి వెళ్ళడం లేదుగా. ఎవరైనా పడితే ఒకరు పక్కన ఉండండి, ఒకరు పరిగెత్తుకుని నా దగ్గరికి రండి. దానికి ముగ్గురు చాలు."